తొంభై అంగల మైదానం

కూలిపోయిన రాజ్యాల తేదీలు చరిత్ర జాగ్రత్తగా రాసిపెడుతుంది. కూలబోయి, ఎందుకో మనసు మార్చుకుని నిలబడిపోయిన రాజ్యాల ఊసు మాత్రం ఎత్తదు. ఆ లోటు ఇసుమంతైనా పూడ్చుదామని ఈ కథ. ఇందులోని రాజ్యం ఒక ఫుట్‌బాల్ మైదానం. సైన్యం పదకొండు మంది, వారిలో ఏ రోజు చూసినా ఇద్దరికి నడుము నొప్పి. శత్రువు పాయింట్ల పట్టిక.

ఆ పట్టికలో పన్నెండు జట్లు. సీజన్ ముగిసేసరికి అడుగున మిగిలిన రెండూ కింది డివిజన్‌కు దిగిపోవాలి. దిగడం మిగతా జట్లకు పరువుకు సంబంధించిన విషయం. ఈ జట్టుకు ప్రాణానికి సంబంధించినది. మైదానం నగరపాలక సంస్థది. ఈ డివిజన్‌లో ఆడుతున్నంత కాలమే అది జట్టు చేతిలో ఉంటుందనీ, దిగిన మరుసటి నెల నుంచి అక్కడ బస్సులు నిలుపుతారనీ ఒప్పందం నాలుగో పేజీలో ఎంతో మర్యాదగా రాసి ఉంది. డిపో నుంచి ఇద్దరు అప్పుడే వచ్చి, గడ్డిని బూటు కాలితో నొక్కి చూసి, రెండు గోల్ స్తంభాల మధ్య ఒక బస్సు సులువుగా పడుతుందని తేల్చుకుని వెళ్లారు కూడా.

జట్టులో అందరూ పగలు వేరే పనులు చేసుకునేవాళ్లే. గోల్‌కీపర్‌కు రొట్టెల బట్టీ ఉంది. మోచేతులకు పిండితో వచ్చేవాడు గనుక బంతి ఎక్కడ తాకిందో తరవాత తేల్చి చెప్పవచ్చు. కెప్టెన్ తాళాలు బాగుచేస్తాడు. ఎడమ అంచున ఆడే నలభై ఒక్కేళ్ల పోస్టుమాన్‌ను అందరూ బాబాయి అంటారు, ఆయన కన్నా పెద్దవాళ్లతో సహా. జట్టు సగటు వయస్సు ముప్పై ఆరు. ఆ సగటును కిందికి లాగుతున్న యువకుడికి ముప్పై మూడు.

వీరి సర్వసేనాధిపతి, అనగా కోచ్, బడిలో లెక్కల మాస్టారు. దీర్ఘచతురస్రపు వైశాల్యం పొడవును వెడల్పుతో హెచ్చిస్తే వస్తుందని పంతొమ్మిదేళ్లుగా నల్లబల్ల మీద నిరూపిస్తూ వస్తున్న మేధావి. తన జీవితంలోకెల్లా ముఖ్యమైన దీర్ఘచతురస్రాన్ని మాత్రం ఆయన ఒక్కసారీ కొలవలేదు. కొలవవలసిన అవసరమూ రాలేదు. ఆ పని మామగారిది.

మామగారిని గీతల మేస్త్రి అనేవారు. ముప్పై ఒక్క ఏళ్లుగా మైదానం మీద తెల్లగీతలు గీసే పని ఆయనదే. సున్నం నింపిన చిన్న చక్రాల పెట్టెను ముందుకు తోస్తూ, మెడ వంచకుండా, సామ్రాజ్యాల సరిహద్దులు నిర్ణయించే గాంభీర్యంతో నడిచేవాడు. గీసిన గీత దాటనివాళ్లను లోకం మెచ్చుకుంటుంది. ఈయన గీసిన గీతను వారానికి వందసార్లు దాటేవారు, దాటినప్పుడల్లా ఎవరో ఒకరు ఈల వేసేవారు.

ఆయన టేపు వాడడు. గోల్ స్తంభాల నట్టనడుమ నిలబడి, ఎడమకు నలభై అయిదు అంగలు, కుడికి నలభై అయిదు అంగలు నడుస్తాడు. అంతే, వెడల్పు. పొడుగు మాత్రం ఆయన కాలికి లొంగలేదు, స్తంభాలు సిమెంటులో పాతినవి గనుక. ముప్పై ఒక్క ఏళ్ల కిందట లీగ్ అధికారి ఒకరు ఉక్కు టేపు పట్టుకొచ్చి కొలిస్తే ఆ తొంభై అంగలూ అరవై ఎనిమిది మీటర్లకు వేలి మందం తేడా లేకుండా వచ్చాయి. అధికారి టోపీ తీసి మేస్త్రితో చేయి కలిపాడు. ఆ నాటి నుంచి ఏటా లీగ్‌కు పంపే కాగితంలో వెడల్పు అరవై ఎనిమిది అని రాయడం, మేస్త్రి నడవడం, ఈ రెండూ పరస్పరం ప్రమాణాలుగా చెలామణీ అవుతున్నాయి. క్లబ్బు ఒకప్పుడు కొన్న టేపు స్టోర్‌రూమ్‌లో తువ్వాళ్లు ఆరేసే తాడుగా స్థిరపడింది.

ఇక ఆ సీజన్ సంగతి. మొదటి పదకొండు మ్యాచ్‌లలో ఎనిమిది ఓటములు. సీజన్ మధ్యలో విడవని వానలు. మూడు వారాలు మైదానం మీద నీళ్లు నిలిచి, గీతలన్నీ కరిగిపోయాయి. అదే రోజుల్లో మేస్త్రి స్టోర్‌రూమ్ నిచ్చెన మీది నుంచి పడి మోకాలికి దెబ్బ తగిలించుకున్నాడు. పడ్డారటగా అని ఎవరైనా అడిగితే, "పడలేదు, కాస్త త్వరగా దిగానంతే" అనేవాడు. నీళ్లు తీయగానే వెళ్లి గీతలు మళ్లీ గీశాడు. తొంభై అంగలు, ఒకటి ఎక్కువ కాదు, ఒకటి తక్కువ కాదు.

సరిగ్గా ఆ మూడు వారాల్లోనే మాస్టారు వంటగది బల్ల మీద బాణపు గుర్తులతో ఒక మహా వ్యూహం పన్ని, దానికి 'ఉక్కు తలుపు' అని నామకరణం చేశారు. నలుగురు వెనక, అయిదుగురు వారి ముందు, ఒక్కడు దూరంగా, ఏకాకిగా. ఫలితం అమోఘం. తరవాత సొంత మైదానంలో ఆడిన అయిదు మ్యాచ్‌లలో ఒక్కటీ ఓడలేదు. ప్రత్యర్థుల కుర్రకారు అంచుల వెంట పరుగెత్తబోతే అంచే ఎదురొచ్చేది. పత్రికవాళ్లు మాస్టారి ఫోటో వేశారు. ఆయన ఆ ముక్క కత్తిరించి పటం కట్టించలేదు; అద్దానికి అంటించారు, అద్దంలోనూ పత్రికలోనూ ఒకేసారి చూసుకునే వీలుగా. పొరుగు మైదానాలకు వెళ్లినప్పుడు అదే తలుపు అట్టముక్కలా తెరుచుకుపోవడానికి ప్రయాణపు బడలిక కారణమని ఆయన సిద్ధాంతం. మ్యాచ్ చూడవచ్చేవాళ్లు కూడా ఈ ఏడాది గీత పక్కన కాళ్లు చాపుకునేందుకు చోటు బాగుందని సంతోషించారే గాని, ఆ చోటు ఎక్కడి నుంచి వచ్చిందని ఎవరూ అడగలేదు.

మిగిలింది ఒకే మ్యాచ్. శనివారం, సొంత మైదానం, పట్టికలో మొదటి స్థానంలో ఉన్న జట్టుతో. ఓడకుండా ఉంటే చాలు, ఒక్క పాయింటుతో డివిజన్ నిలుస్తుంది, మైదానం నిలుస్తుంది. ఓడితే బస్సులు.

మేస్త్రి కూతురు, అనగా మాస్టారి భార్య, దర్జీ. మైదానం వీధిలోనే దుకాణం. ఆమె కొలుస్తుంటే ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కున్నవాడు తప్పకుండా పట్టుబడేవాడు. చివరి మ్యాచ్‌కు గోల్ వెనక, ఈ మూల జెండా నుంచి ఆ మూల జెండా దాకా, ఒక పొడవాటి గుడ్డ పరచాలని అభిమానులు ఆమెను కోరారు. దాని మీద 'ఈ జట్టు దిగదు' అని నిలువెత్తు అక్షరాలు. క్లబ్బు కాగితంలో ఉన్న అరవై ఎనిమిది మీటర్ల ప్రకారం ఆమె గుడ్డ కత్తిరించి, అక్షరాలు కుట్టింది.

గురువారం మధ్యాహ్నం పరిచి చూద్దామని మైదానానికి తీసుకెళ్లింది. ఉత్తరాలు పంచడం ముగించి వెళుతున్న బాబాయి రెండో కొస పట్టుకుని నడిచాడు. మూల జెండా వచ్చింది, గుడ్డ అయిపోలేదు. మొత్తం ఆరు మీటర్లు జెండా దాటి అవతల పడింది. ఆ ఆరు మీటర్ల మీద ఉన్నది ఆఖరి అక్షరం.

బాబాయి గోల్ ముందుకు వెళ్లి నిలబడి చదివాడు. "ఈ జట్టు దిగ." జెండా అవతలికి తొంగిచూశాడు. "తరవాతేంటమ్మా? దిగదా, దిగుతుందా, దిగజారుతుందా? మన భాషలో ఔనో కాదో ఆఖర్న గాని తెలీదు. ఆ ఆఖరే బయట పడింది."

"గుడ్డ ఎక్కువ కత్తిరించానేమో, బాబాయ్."

"నువ్వా?" అన్నాడు బాబాయి, ఆమె తనకేదో ఆకాశం పచ్చగా ఉందని చెప్పినట్టు.

ఆ ఒక్క మాటకు ఆమెకు రోషం వచ్చింది. మెడలోని దర్జీ టేపు తీసి గుడ్డను మూడుసార్లు కొలిచింది. మూడుసార్లూ అరవై ఎనిమిదే. ఇక మిగిలిన ముద్దాయి మైదానం. మీటరున్నర టేపును మోకాళ్ల మీద వంగి, గోల్ గీత వెంట నలభై ఒక్కసార్లు పరిచింది. ఆ మీదట అర మీటరు. లేచి నిలబడి, చేతికంటిన సున్నాన్ని చాలాసేపు దులుపుకుంది. అరవై రెండు.

"ఎవరితోనూ అనకు, బాబాయ్."

"నా ఉద్యోగమే అది. చేరవేస్తాను గాని చదవను."

సాయంత్రం మాస్టారు వంటగది బల్ల దగ్గర బాణాలు గీస్తుంటే ఆమె ఎదురుగా కూర్చుని, జరిగింది జరిగినట్టు చెప్పింది. మాస్టారు మొదట నవ్వారు. తరవాత కాగితం మీద ఏదో హెచ్చించారు, భాగించారు. చివరికి పెన్సిలు కింద పెట్టారు.

"అంటే నా వ్యూహం…"

"మీ తలుపు గట్టిదై నిలబడలేదండీ. గుమ్మం ఇరుకై నిలబడింది."

"మీ నాన్నగారి మోకాలంటావు."

"అంగకు ఆరేడు సెంటీమీటర్లు తగ్గింది. ఆయనకీ తెలీదు."

మాస్టారు లేచి అద్దం దాకా వెళ్లి, అక్కడ పత్రిక ముక్కను చూసి, వెంటనే తిరిగి వచ్చారు. "ఒక్క శనివారం. ఒక్క మ్యాచ్ ఉంది. మనం అబద్ధం ఆడక్కర్లేదు, ఊరికే మాట్లాడకుండా ఉంటే చాలు."

"నేను ఎవరికైనా ఒక చేయి పొట్టిగా చొక్కా కుట్టి, మాట్లాడకుండా ఉండనా?"

"అది వేరు."

"ఔను, అది వేరే. చొక్కా అయితే తొడుక్కున్నవాడికి తెలిసిపోతుంది."

ఆ ప్రశ్నను ఇద్దరూ అక్కడే వదిలేశారు. శుక్రవారం పొద్దున లీగ్ కార్యాలయం నుంచి వచ్చిన ఉత్తరం దాన్ని మళ్లీ ఎత్తుకుంది. ఎదుటి జట్టు కోచ్ వెడల్పు మీద లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేశారనీ, శనివారం ఉదయం పదింటికి అధికారి కొలతకు వస్తారనీ, కాగితంలో రాసిన వెడల్పు లేకపోతే మ్యాచ్ ఎదుటి జట్టుకే ఇచ్చేస్తారనీ సారాంశం. ఆ కోచ్ ఎండలోనూ తెల్ల గ్లౌజులు విడవడు గనుక అందరూ గ్లౌజులాయన అనేవారు. మూడు వారాల కిందట ఆయన ఈ మైదానానికి వచ్చి, ప్రేక్షకుల మెట్ల మీద కూర్చుని, ఆట వైపు కాక గడ్డి వైపు చూస్తూ ఉండటం చాలామంది గమనించి, పాపం బోరు కొట్టిందనుకున్నారు.

కాబట్టి గీతలు తిరిగి గీయక తప్పదు. గీయగలవాడు ఒక్కడే. ఆ ఒక్కడికీ చెప్పాలి. మొగుడూపెళ్లాలిద్దరూ స్టోర్‌రూమ్‌కు బయలుదేరారు. దారిలో ముందు ఎవరు మాట్లాడాలన్న విషయంలో ఒక ఒప్పందానికి వచ్చి, గుమ్మం దగ్గరే ఇద్దరూ దాన్ని ఉల్లంఘించి నిలబడిపోయారు.

మేస్త్రి సున్నం జల్లిస్తున్నాడు. తలెత్తలేదు.

"రండి అల్లుడూ. ఆ బస్తా మీద కూర్చోకండి, ప్యాంటు తెల్లబడుతుంది. ఇటు పెట్టె మీద."

"ఒక చిన్న మాట మామయ్యా."

"చిన్న మాటకి మీరు ఇక్కడిదాకా రారు. అమ్మాయి అసలే రాదు. చెప్పండి."

కూతురు చెప్పింది. మేస్త్రి జల్లెడ ఆపకుండా విన్నాడు.

"గుడ్డ తప్పు," అన్నాడు.

"మూడుసార్లు కొలిచాను నాన్నా."

"అయితే టేపు తప్పు. నీ టేపు మెడలో వేలాడి వేలాడి సాగిపోయింది."

"సాగిన టేపుతో కొలిస్తే కొలత తగ్గుతుంది మామయ్యా, నిజమే. కానీ…" అని మాస్టారు సూత్రం మొదలుపెట్టబోయి, భార్య చూపు చూసి మానుకున్నారు.

"అయితే మీటరు పెంచారేమో. ఈ మధ్య అన్నీ పెంచుతున్నారుగా." ఈ మాట అంటున్నప్పుడు ఆయనకే నమ్మకం లేదు. జల్లెడ పక్కన పెట్టాడు. "సరే. నడుస్తాను. పరుచు నీ టేపు."

స్టోర్‌రూమ్ ముందు సిమెంటు బాట మీద పది అంగలు నడిచాడు, మెడ వంచకుండా. ముప్పై ఒక్క ఏళ్లుగా అవి ఏడున్నర మీటర్ల పైచిలుకు. కూతురు మోకాళ్ల మీద కూర్చుని కొలిచి, టేపు మీద బొటనవేలు పెట్టి అలాగే ఉండిపోయింది. మేస్త్రి వంగి స్వయంగా చదువుకున్నాడు. ఆరు మీటర్ల తొంభై.

"అరవై అయిదు సెంటీమీటర్లు," అన్నాడు నెమ్మదిగా. "ఎక్కడికి పోయాయవి?"

ఆయన మోకాలిని ఒకసారి చేత్తో తడిమాడు, ఇంట్లో దొంగతనం చేసిన సొంత మనిషి భుజం మీద చేయి వేసినట్టు.

"వానల తరవాత అయిదు మ్యాచ్‌లు ఇక్కడ ఓడలేదు. అది మీ ఉక్కు తలుపా, ఇదా?"

లెక్కల మాస్టారు తన జీవితంలో ఎన్నో నిజాలు చెప్పారు, కాని వాటిలో చాలావరకు త్రిభుజాలకు సంబంధించినవి. ఈ నిజానికి కొంచెం ఎక్కువ సమయం పట్టింది.

"తలుపు కాదు మామయ్యా. మీ మోకాలే."

మేస్త్రి అల్లుణ్ణి తేరిపార చూశాడు. "బాగుంది. ఇన్నాళ్లూ నొప్పి నాకు, పేరు మీకు." అని, పెట్టె లాక్కుని అందులో సున్నం నింపడం మొదలుపెట్టాడు. "పదండి. ముందు పాతవి చెరపాలి. నీళ్లు, గరుకు చీపుళ్లు రెండు. అల్లుడూ, ఒకటి మీకే."

మధ్యాహ్నమంతా అల్లుడు తన విజయాలకు ఆధారభూతమైన గీతలను స్వహస్తాలతో రుద్ది చెరిపారు. చరిత్రలో ఇంతటి త్యాగం చేసిన సేనానులు అరుదు. చేసిన వెంటనే నడుం పట్టేసినవారు ఇంకా అరుదు. మేస్త్రి స్తంభాల నడుమ నిలబడ్డాడు. కూతురు దర్జీ టేపు పరుచుకుంటూ వెళ్లి ముప్పై నాలుగు మీటర్ల దగ్గర నిలుచుంది.

"నేను అడిగితే తప్ప చెప్పకు," అన్నాడాయన.

నడిచాడు. పెదవులు కదులుతున్నాయి. ఆమె చెప్పు అంచు దాకా వచ్చి ఆగి, లెక్క మనసులో వేసుకుని, వెనక్కు తిరిగి, రెండో వైపు నడిచాడు. ఎన్ని అంగలైందో చెప్పలేదు. వాళ్లూ అడగలేదు.

శనివారం పదింటికి అధికారి వచ్చాడు, చంకలో దస్తరం, చేతిలో ఉక్కు టేపు. పక్కన గ్లౌజులాయన, అప్పటికే కృతజ్ఞతలు అందుకుంటున్నవాడి చిరునవ్వుతో. రెండు కొసలూ పట్టారు, బిగించారు, చదివారు.

"అరవై ఎనిమిది," అన్నాడు అధికారి. "వేలి మందం తేడా లేదు."

గ్లౌజులాయన చిరునవ్వుకు దిగడానికి మెట్లు కనపడలేదు. మళ్లీ కొలవమన్నాడు. మళ్లీ కొలిచారు. అధికారి కాగితం మీద సంతకం చేయబోతుండగా మేస్త్రి అడ్డుకున్నాడు.

"అయ్యా, ఇవాళ అరవై ఎనిమిది. మొన్నటిదాకా అరవై రెండు. వానల తరవాతి నుంచీ. తప్పు నా కాలిది. అదీ రాయండి."

మాస్టారికి కాళ్ల కింద గడ్డి మూడు మీటర్లు జరిగినట్టయింది.

"విన్నారుగా," అన్నాడు గ్లౌజులాయన. "స్వయంగా ఒప్పుకున్నాడు."

అధికారి కాగితాన్ని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. "ఇందులో మొన్నటికి గడి లేదండీ."

"పక్కన ఖాళీ ఉందిగా," అన్నాడు మేస్త్రి.

"ఖాళీలో రాస్తే చెల్లదు. ప్రతి మ్యాచ్ ముందూ మైదానం బాగుందని ఇద్దరు కెప్టెన్లూ సంతకం పెడతారు. పెట్టారు. అవి ముగిసిపోయాయి. వీరి ఫిర్యాదు ఇవాళ్టి మైదానం మీద. ఇవాళ్టిది సరిగ్గా ఉంది." అని గ్లౌజులాయన వైపు తిరిగాడు. "మూడు వారాల కిందటే చూశానని రాశారు. అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

గ్లౌజులాయన దగ్గర దానికి జవాబు ఉంది గాని చెప్పదగినది కాదు. ఆ జవాబు ఏమిటో రెండింటికి, బట్టలు మార్చుకునే గదిలో, గోల్‌కీపర్ నోట బయటపడింది.

ముందు మాస్టారు ఆటగాళ్లకు సంగతంతా చెప్పారు. గదిలో బూట్ల తాళ్ల చప్పుడు ఆగిపోయింది.

కెప్టెన్ తల గోక్కున్నాడు. "అంటే మాస్టారూ, మేం బాగా ఆడలేదంటారు."

"ఇరుకులో బాగా ఆడారు."

"ఇవాళ వెడల్పా?"

"పక్కకి మూడేసి మీటర్లు."

"నేను రోజుకి పద్దెనిమిది కిలోమీటర్లు నడుస్తాను," అన్నాడు బాబాయి మేజోడు లాక్కుంటూ. "మూడు మీటర్లంటే ఒక గేటు ఎక్కువ. ఆ గేటులో కుక్క లేకపోతే చాలు."

అప్పుడు గోల్‌కీపర్ గొంతు సవరించుకున్నాడు. "నేను వాళ్ల క్యాంటీన్‌కి రొట్టెలు వేస్తాను కదా. ఈ వారమంతా వాళ్ల మైదానంలో రెండు పక్కలా మూడు మీటర్లు లోపలికి తాళ్లు కట్టుకుని ఆడారు. ఎందుకో అనుకున్నాను."

గ్లౌజులాయన ఫిర్యాదు ఫలిస్తే గెలుపు కాగితం మీద. ఫలించకపోతే ఇరుకు మైదానానికి తగ్గ సాధనతో గెలుపు గడ్డి మీద. రెండు జేబుల్లోనూ విజయం పెట్టుకు తిరుగుతున్నాడు. ఒక ముసలాయన రాత్రికి రాత్రి కాదు, పట్టపగలే, నిజాయితీగా గీత సరిచేస్తాడన్న మూడో అవకాశం మాత్రం ఆయన లెక్కలోకి రాలేదు.

"ఇంతకీ ఉక్కు తలుపు ఉన్నట్టా, లేనట్టా?" అని అడిగాడు కెప్టెన్.

మాస్టారు బల్ల మీది బాణాల కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. "లేదు. గుమ్మం ఉంది. అందులో మనమే నిలబడాలి. మేస్త్రిగారు చేయగలిగింది చేశారు. బస్సులు కావాలంటే మన మీది నుంచి పోనీ."

అది గొప్ప ఉపన్యాసం కాదు. పంతొమ్మిదేళ్లలో ఆయన ఇచ్చినవాటిలో అతి పొట్టిది కూడా. అందుకే కాబోలు అందరూ విన్నారు.

మైదానం మీద గోల్ వెనక గుడ్డ ఈ జెండా నుంచి ఆ జెండా దాకా అతికినట్టు సరిపోయి, ఆఖరి అక్షరంతో సహా చదవడానికి వీలుగా ఉంది. ప్రత్యర్థులు పొడగరులు. గ్లౌజులాయన పరుగుగాళ్లిద్దర్నీ పక్కన కూర్చోబెట్టి, ఇరుకులో తలతో కొట్టగల నిలువెత్తు మనుషులను దించాడు. అంచు నుంచి వారు ఎత్తి కొట్టిన బంతులన్నీ అలవాటైన కొలతకు మూడు మీటర్లు ముందే అలసి నేలమీద పడుతున్నాయి. పొడగరులు ఎగిరి, అక్కడ బంతి లేకపోవడం గమనించి, మర్యాదగా కిందికి వస్తున్నారు. ఇరవై రెండో నిమిషంలో వారి అంచు ఆటగాడు తాడు లేదని మరిచి లోపలికి జరిగాడు. అతని వెనక, వారం రోజులుగా ఎవరి లెక్కలోనూ లేని మూడు మీటర్ల గడ్డి మీద, బాబాయి తన మామూలు వేగంతో, గేటు గేటుకీ ఆగే అలవాటు ఒక్కటి మానుకుని, గోల్ గీత దాకా వెళ్లిపోయాడు. బంతి లోపలికి పంపాడు. అది కెప్టెన్ తలకు తగిలి వలలో పడింది. తానే తలతో కొట్టానని కెప్టెన్ వాదన.

విరామంలో గ్లౌజులాయన గ్లౌజులు విప్పాడు. పరుగుగాళ్లిద్దరూ దిగారు. యాభై ఎనిమిదో నిమిషానికి స్కోరు ఒకటి ఒకటి. ఆ తరవాత జరిగినదాన్ని ఆట అనడం కష్టం. ముట్టడి అంటే సరిపోతుంది. వెడల్పు నిజంగా వెడల్పే. ముప్పై ఆరేళ్ల సగటు వయస్సు నాలుకలు బయటపెట్టి అటూ ఇటూ పరుగెత్తింది. ఒకరు పడితే రెండోవారు ఆ స్థలంలో నిలబడ్డారు. పడినవారు లేవలేకపోతే పడినచోటే అడ్డంగా ఉన్నారు. గోల్‌కీపర్ మోచేతి పిండి బంతి మీద నాలుగుసార్లు అచ్చు పడింది.

ఎనభై నాలుగో నిమిషంలో బాబాయికి పిక్క పట్టేసింది. మాస్టారు గీత దగ్గరికి వెళ్లారు. "బాబాయ్, వచ్చెయ్. వేరేవాణ్ణి పంపిస్తాను."

"ఎవర్ని పంపిస్తారు మాస్టారూ? ఆ బెంచీ మీద ఉన్నవాడికి నాకంటే ముందే పట్టేసింది." కుంటుతూ తిరిగి తన అంచుకు వెళ్లాడు. "ఈ వీధి నాది. నేనే ముగిస్తాను."

రిఫరీ ఏడు నిమిషాలు అదనంగా కలిపాడు. ఆ ఏడింటిలో ఆరు నిమిషాలు బంతి వారి పాదాల దగ్గరే ఉంది. ఆఖరి నిమిషంలో వారి పరుగుగాడు గోల్‌కీపర్‌ను కూడా దాటి, ఖాళీ వలలోకి బంతిని మెల్లగా తోశాడు. దానికి అడ్డంగా కెప్టెన్ వచ్చి, కాలు కాదు, చేయి కాదు, మొత్తం మనిషిని గోల్ గీత మీద పారేసుకున్నాడు. బంతి అతని పక్కటెముకలకు తగిలి గీత మీద ఆగింది. అవతల కాదు, ఇవతల కాదు, గీత మీద. రిఫరీ పరుగున వచ్చి వంగి చూశాడు. గోల్ అవ్వాలంటే బంతి మొత్తం గీత దాటాలి. గీత నున్నగా, ఎక్కడా చెదరకుండా, బంతి కింద నుంచి తెల్లగా కనిపిస్తోంది. ఆయన తల అడ్డంగా ఊపి, వాచీ చూసుకుని, పొడుగ్గా ఈల వేశాడు.

మెట్ల మీది జనం ఒక్కసారిగా మైదానంలోకి దూకారు. మాస్టారిని ఇద్దరు ఎత్తుకోబోయి, నడుం సంగతి విని దించేశారు. పత్రిక ప్రతినిధి ఒకరు తోసుకుంటూ వచ్చి, ఈ ఉక్కు తలుపు రహస్యం ఇప్పటికైనా చెప్పమన్నాడు.

"మా మామగారి మోకాలు," అన్నారు మాస్టారు.

ప్రతినిధి నవ్వి, అది రాసుకోకుండా వెళ్లిపోయాడు.

మేస్త్రి ఆ జనసముద్రంలో అడ్డం పడి తిరుగుతున్నాడు. పట్టుకున్న చేతుల్ని విదిలించుకుంటూ, కనిపించినవాణ్ణల్లా కసురుతూ. "గీత మీంచి దిగండయ్యా. అటు నిలబడు. బాబూ, నీ బూటు తియ్యి. నిన్ననే గీశాను."

"ఇంక మ్యాచ్‌లు లేవు నాన్నా," అంది కూతురు, వెనక నుంచి వచ్చి.

"వచ్చే సీజన్ లేదా?"

ఆమె ఉంది అన్నట్టు తలూపింది. అప్పటికి మాస్టారూ నడుం పట్టుకుని దగ్గరికి చేరారు. ముగ్గురూ మూల జెండా దగ్గర నిలబడి, చెరిగిపోతున్న సున్నం కేసి చూశారు.

"వచ్చే సీజన్‌కి మంచి ఉక్కు టేపు ఒకటి తెప్పిస్తాను మామయ్యా," అన్నారు మాస్టారు, వీలైనంత మామూలుగా.

"తెప్పించండి. తువ్వాళ్ల తాడు పాతబడింది." మేస్త్రి జెండా కర్రను సరిచేశాడు. "నిన్న లెక్క వేసుకున్నాను. ఈ కాలితో తొంభై కాదు, తొంభై తొమ్మిది. పై ఏటికి నూట అయిదైతే నూట అయిదు నడుస్తాను. అంగ చిన్నదైతే ఇంకో నాలుగు ఎక్కువ వేస్తాను, మైదానం మాత్రం తగ్గదు."

"నేను వెనకాలే టేపు పట్టుకుని వస్తాను," అంది కూతురు.

మేస్త్రి ఆలోచించాడు. "రా," అన్నాడు. "కానీ రెండడుగులు వెనక. లెక్క తప్పిస్తావు."